స్కిన్‌హెడ్ రెగె పాత రికార్డులు: లేబుల్ కంటే ముందు గాడి చూడండి

"ఉద్యోగం మీద బర్మింగ్‌హామ్ వచ్చాను. 1969 నాటి స్కిన్‌హెడ్ రెగె ఒరిజినల్ రికార్డులు సేకరించాలని ఉంది. నకిలీలంటే భయంగా ఉంది. పైగా స్కిన్‌హెడ్లంటే మనవాళ్ళను కొట్టినవాళ్ళు కదా?" అని మీరు అడిగారు. నేను పన్నెండేళ్ళుగా వాయవ్య లండన్‌లో ఉంటూ ఈ రికార్డులు కొంటున్నాను. ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నన్నూ చాలాకాలం ఆపింది అదే.

రెగె జమైకాలో పుట్టిన సంగీతం. ఈ పాటలు పాడింది, వాయించింది ఎక్కువగా జమైకా సంగీతకారులు. 1968-71 మధ్య ఇంగ్లండులో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న కార్మిక కుటుంబాల కుర్రాళ్ళు, జమైకా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పిల్లలతో కలిసి ఒకే హాల్లో ఈ పాటలకు డాన్సు చేశారు. ఆ పేరు అలా వచ్చింది. అలాంటి కుర్రాళ్ళలోనే కొందరు 1970లో తూర్పు లండన్‌లో దక్షిణాసియా వాళ్ళ మీద దాడులు చేశారు. అదీ నిజమే. రెండూ ఒకే కాలంలో జరిగాయి. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ కుర్రాళ్ళు ప్రాణం పెట్టిన ట్రోజన్ రికార్డు కంపెనీని 1968లో, ఐలండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్‌తో కలిసి నిలబెట్టిన లీ గాప్తాల్ ఎవరో తెలుసా? జమైకాలో పుట్టిన భారత సంతతి మనిషి. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ట్రోజన్ ఆఫీసు ఒకప్పుడు నీస్‌డెన్ లేన్‌లో ఉండేది. మా ఇంటి నుంచి బస్సులో పది నిమిషాలు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి అటే చూస్తాను.

ఇక కొనడం. ముందు హిట్లు కొనండి. డెస్మండ్ డెక్కర్ 'ఇజ్రాయిలైట్స్' 1969లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అదే ఏడాది హ్యారీ జె ఆల్ స్టార్స్ 'లిక్విడేటర్', అప్‌సెట్టర్స్ 'రిటర్న్ ఆఫ్ జాంగో' టాప్ టెన్‌లోకి వచ్చాయి. బాగా అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ చవకే. నా 'లిక్విడేటర్' నాలుగు పౌండ్లకు, ఒక చర్చి హాల్లో పెట్టిన పాత సామాన్ల అమ్మకంలో దొరికింది. అందులో విన్‌స్టన్ రైట్ ఆర్గాన్ మొదలవగానే గదిలో గాలి మారిపోతుంది. ఇలాంటివి పది పన్నెండు చేతిలో పట్టుకుని, తిప్పి చూసి, వినండి. 1969 నాటి అసలు ప్లేటు బరువెంత, కాగితం ఎలా ఉంటుంది, సిరా ఎలా దిగింది అన్నది వేళ్ళకు తెలుస్తుంది. ఆ తర్వాతే అరుదైనవాటి జోలికి వెళ్ళండి.

అరుదైనవి ఎక్కడుంటాయంటే, చిన్న లేబుళ్ళలో, అంటే కంపెనీలు వేర్వేరు పేర్లతో నడిపిన చిన్న బ్రాండ్లలో. ట్రోజన్ కింద అప్‌సెట్టర్, క్లాన్‌డిస్క్, అమాల్గమేటెడ్, సాంగ్‌బర్డ్ లాంటివి చాలా నడిచాయి. పోటీగా పామర్ అన్నదమ్ముల పామా కంపెనీ కింద క్రాబ్, గ్యాస్, యూనిటీ, బుల్లెట్, కామెల్ ఉండేవి. వరసపెట్టి సింగిళ్ళు, అంటే వైపుకో పాట ఉండే చిన్న ప్లేట్లు, వదిలారు. రేడియోలో పడనివి, ఎవరూ అడగనివి కొద్ది కాపీలతోనే ఆగిపోయాయి. ఇప్పుడు వందల పౌండ్లు పలికేవి అవే. నన్నడిగితే వాటిలో సగం ఆ ధరకు తగ్గ పాటలు కావు. అరుదు వేరు, బాగుండటం వేరు.

నేను మోసపోయింది కూడా అక్కడే. ఇంటర్నెట్‌లో ఒకరి దగ్గర పామా చిన్న లేబుల్ సింగిల్ ఒకటి, "కొత్తదానిలా ఉంది" అంటే నమ్మి అరవై పౌండ్లకు కొన్నాను. మా పక్కింట్లో జమైకా నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు. కుర్రతనంలో సౌండ్ సిస్టమ్‌కు, అంటే పెద్ద స్పీకర్లతో డాన్సులకు రికార్డులు వేసే బృందానికి, పెట్టెలు మోసిన మనిషి. సంబరంగా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన లేబుల్ వైపు చూడనే లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, ప్లేటును వాలుగా పట్టుకుని, పాట అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి ఖాళీ మీద బొటనవేలి గోరు నెమ్మదిగా తిప్పారు. "నంబరు ఇక్కడ ఉండాలి బాబూ" అన్నారు. అక్కడ ఉన్న నంబరుకు, లేబుల్ మీది నంబరుకు పొంతన లేదు. లేబుల్ అక్షరాల అంచులు కూడా అలుక్కుపోయి ఉన్నాయి, పాత లేబుల్‌ను ఫొటో తీసి మళ్ళీ అచ్చువేసినట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ పాట కోసం రెండేళ్ళు వెతికాను.

అందుకే డబ్బు కట్టేముందు ఆ ఖాళీ జాగాలో చెక్కిన నంబరు ఫొటో అడగండి. రెండు వైపులా. పంపనన్నవాళ్ళ దగ్గర కొనకండి. మళ్ళీ అచ్చువేసినవన్నీ నకిలీలు కావు, అదీ గుర్తుంచుకోండి. సిమరిప్ 'స్కిన్‌హెడ్ మూన్‌స్టాంప్' ఒరిజినల్ ట్రెజర్ ఐల్ లేబుల్ మీద వచ్చింది. 1980లో మళ్ళీ విడుదలై అప్పుడే చార్టుల్లోకి ఎక్కింది. ఆ రెండోది న్యాయమైన రికార్డే, ధర మాత్రం మొదటిదానిది కాకూడదు.

మధ్యలో పెద్ద బెజ్జం ఉంటే కంగారు పడకండి. జమైకా ప్లేట్లు అలాగే వస్తాయి. బ్రిటన్‌వి కొన్నిటికి జూక్‌బాక్స్ (నాణెం వేస్తే పాట వేసే యంత్రం) కోసం మధ్య భాగం తీసేశారు. చిన్న అడాప్టర్ పెడితే చక్కగా ఆడుతుంది. సన్నగీతలకు కూడా భయం వద్దు. గోరుకు తగిలే గీత ఉంటేనే ముల్లు గెంతుతుంది. శుభ్రం చేయడానికి డిస్టిల్డ్ వాటర్, మెత్తని బట్ట చాలు. గాడి తిరిగిన దిక్కునే తుడవండి, లేబుల్ తడవనివ్వకండి. అటకమీద, హీటర్ పక్కన పెట్టొద్దు, నిలువుగా పెట్టండి.

నా దగ్గరున్న 'లాంగ్ షాట్ కిక్ ద బకెట్' అనే పాట రికార్డు లేబుల్ మీద నీలం బాల్‌పెన్‌తో ఎవరో అమ్మాయి పేరు రాసి ఉంది. పార్టీలకు తీసుకెళ్ళిన రికార్డు మారిపోకుండా అలా రాసుకునేవారని పక్కింటి పెద్దాయన చెప్పారు. పేరు రాసి ఉందని అమ్మినాయన రెండు పౌండ్లు తగ్గించాడు. గాడులు బాగా అరిగాయి, మొదటి అరనిమిషం వేయించిన పప్పు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. దానికంటే శుభ్రమైన కాపీ తర్వాత దొరికింది. శనివారం రాత్రి మాత్రం నేను ఆ అమ్మాయి కాపీయే పెడతాను.