మా అల్లుడి పూర్వీకుడు ఏ ఊరివాడు?

ప్రశ్న: మా అల్లుడిది కేప్‌టౌన్, ఇంటిపేరు స్మిట్. వాళ్ల మూలపురుషుడు 1740ల్లో డచ్చివారి కొలువులో సైనికుడిగా జర్మనీ నుంచి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మనవరాలు అడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మమ్మగారూ, జర్మనీలో మాత్రం మొదలుపెట్టకండి. మా కోడలి పుట్టింటివాళ్ల కోసం నేను ఆ తప్పే చేశాను. నోయ్‌స్టాట్ అన్న ఒక్క మాట పట్టుకుని ఎనిమిది నెలలు ఒక ఊరి చర్చి పుస్తకాలు తిరగేశాను. ఆ పేరుతో జర్మనీలో ఊళ్లు బోలెడు. మా మనిషి ఆ ఊరివాడే కాదు.

ఓడ దగ్గర మొదలుపెట్టండి. 1652లో కేప్‌లో స్థావరం పెట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ ఓడకీ జీతాల పుస్తకం రాసేది. అవి ఇప్పుడు నెదర్లాండ్స్‌లో, హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 18వ శతాబ్దపు పేర్లను ఆన్‌లైన్‌లోనే వెతకొచ్చు. పేరు, సొంతూరు, ఓడ, కొలువు ఎప్పుడు ఎక్కడ ముగిసిందీ అన్నీ ఉంటాయి. స్మిట్‌లు చాలామంది తగులుతారు కాబట్టి కేప్‌లో కొలువు ముగిసినవాళ్లనే ముందు ఏరుకోండి.

దొరికాక ఆ ఖాతా పేజీని తీరిగ్గా చదవండి. మామూలు సైనికుడి జీతం నెలకు 9 గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు). ఓడ ఎక్కేసరికే నెత్తిన అప్పు: రెండు నెలల అడ్వాన్సు, సామాను పెట్టె ఖరీదు, ఓడ కోసం కాచుకున్నన్నాళ్లూ తిండిపెట్టిన ఇంటివాళ్లకు రాసిచ్చిన పత్రం. ఆ పత్రం 150 గిల్డర్ల దాకా ఉండేది. జీతమంతా కట్టినా అదొక్కటి తీరడానికే పదహారు నెలలు దాటుతుంది. మా కోడలు ఆ లెక్క చూసి చాలాసేపు మాట్లాడలేదు.

పేర్లతో జాగ్రత్త. డచ్చి గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. ష్మిట్ స్మిట్ అయ్యాడు, యోహాన్ హైన్‌రిష్ యాన్ హెండ్రిక్ అయ్యాడు. ఊళ్లదీ అదే కథ: ఆహెన్ ఆకెన్ అయింది, బ్రౌన్‌ష్వైగ్ బ్రోన్స్‌వైక్ అయింది. రాత చూసి కాదు, పైకి చదివి పోల్చుకోండి.

మీ స్మిట్ లూథరన్ (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ శాఖవాడు) అయినా పెళ్లి, పిల్లల బాప్తిస్మం డచ్చి రిఫార్మ్‌డ్ చర్చి (డచ్చివారి సొంత ప్రొటెస్టెంట్ శాఖ) పుస్తకాల్లోనే వెతకండి. లూథరన్లకు కేప్‌లో బహిరంగంగా ఆరాధన చేసుకునే అనుమతి 1780 దాకా రాలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అనాథల సంరక్షణ మండలి రాయించిన ఆస్తి జాబితాలు. మనిషి పోయాక గది గదీ తిరిగి కుర్చీలు, కుండలతో సహా రాసేవారు. బానిసలుగా ఉంచుకున్న మనుషుల పేర్లూ అందులోనే కనిపిస్తాయి, మనవరాలికి అదీ దాచకుండా చెప్పండి. అవి కేప్‌టౌన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ స్మిట్‌ది దొరికితే ముందు పై వరుసలు చూడండి. భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు సాధారణంగా అక్కడే ఉంటాయి.