టీచర్‌గా ఉంటూ ఫంక్షన్లకు యాంకరింగ్ చేయొచ్చా? నా అనుభవం

పదేళ్లుగా ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నానని, తెలిసినవాళ్లు పెళ్లికి యాంకరింగ్ చేయమంటున్నారని, చేస్తే టీచర్‌గా గౌరవం తగ్గుతుందేమోనని అడిగారు. నేను కరీంనగర్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. పన్నెండేళ్లకు పైగా సెలవు రోజుల్లోనూ సాయంత్రాలూ మైకు పడుతున్నాను.

కోరి మొదలుపెట్టింది కాదు. ఓసారి మా బడి వార్షికోత్సవానికి వస్తానన్న వ్యాఖ్యాత రాలేదు. 'తెలుగు సారు ఉన్నాడు కదా' అని హెడ్‌మాస్టర్ గారు మైకు నా చేతిలో పెట్టారు. తెలుగు టీచర్ అంటే సెప్టెంబర్ 5న గురుపూజోత్సవం, 9న తెలంగాణ భాషా దినోత్సవం, ఉగాదికి కవి సమ్మేళనం, అన్నీ ఆయన నెత్తినే కదా. అలా పక్క మండలాలకు పాకి, చివరికి రిటైర్మెంట్ సభలకు నేనే ఆస్థాన వ్యాఖ్యాతనయ్యాను. ప్రభుత్వోద్యోగులు నెలాఖరు రోజునే రిటైరవుతారు కాబట్టి నా డైరీలో ఆ తేదీలు నెలల ముందే నిండేవి.

2021లో మా రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. ఉద్యోగిగా సంతోషించాను. కానీ ఆ తర్వాత మూడేళ్లు వయసు నిండి దిగిపోయేవాళ్లే లేరు, సన్మాన సభలూ లేవు. 2024 మార్చిలో గానీ మళ్లీ మొదలు కాలేదు. ఆ ఖాళీలోనే పెళ్లిళ్ల వైపు వెళ్లాను.

మొదటి పెళ్లిలోనే పరువు పోయింది. నా పాత విద్యార్థిది. ముహూర్తం దగ్గరపడుతోంది, నేను మాత్రం వరుడి చదువు, వధువు చదువు, మధ్యలో ఒక పద్యం, దానికి తాత్పర్యం చెప్పుకుంటూ పోతున్నాను. పంతులు గారు రెండుసార్లు చెయ్యెత్తారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. మూడోసారి ఆయన మైకు లేకుండానే, 'సారూ, మీ పాఠం అయిపోతే మేం జీలకర్ర బెల్లం పెట్టిస్తాం' అన్నారు. సన్నాయి ఆయన కూడా సన్నాయి దించి మరీ నవ్వాడు. అప్పట్నుంచి ఏ పెళ్లికి వెళ్లినా ముందు పంతులు గారిని కలిసి, ఎక్కడెక్కడ ఆపాలో అడిగి రాసుకుంటాను. 'గట్టిమేళం' అన్న మాట వినబడితే చాలు, మైకు ఆఫ్.

మనకు గొంతు ఉంటుంది, వెనక బెంచీ మీద ఏం జరుగుతోందో కనిపెట్టే కన్ను ఉంటుంది. ఈ రెండూ బాగా పనికొస్తాయి. కానీ క్లాసు అలవాట్లు మాత్రం కొంప ముంచుతాయి. ఒక రిసెప్షన్‌లో భోజనాల వైపు లేస్తున్నవాళ్లను 'కూర్చోండి, కూర్చోండి' అని అదిలించాను. వీడియో చూసి మా ఆవిడ 'హోంవర్క్ కూడా ఇవ్వకపోయారా' అంది. వాక్యానికోసారి వచ్చే 'అర్థమైందా?' పోవడానికి నాకు ఏడాది పట్టింది.

అన్నిటికన్నా కష్టం పేర్లు. రోజూ హాజరు పిలిచేవాళ్లం, ఇదేం పెద్ద పని అనుకుంటాం. సర్పంచ్ గారిని ముందు పిలవాలా, ఎంపీటీసీ గారినా? అబ్బాయి మేనమామ పేరు వదిలేస్తే ఏమవుతుంది? ఒకసారి వదిలేశాను. ఆయన భోజనం చేయకుండా బండెక్కాడు. అప్పట్నుంచి ఇంట్లో ఒక పెద్దావిడను పట్టుకుని, వరుసలతో సహా పేర్లన్నీ అట్టముక్క మీద రాసుకుని, ఆమెకే చదివి వినిపిస్తాను. ఎవరిని మరిచిపోయానో ఆవిడకు మాత్రమే తెలుస్తుంది!

ఇక గౌరవం సంగతి. సోమవారం క్లాసులో 'సారూ, మా పిన్ని పెండ్లిల మీరే కదా' అంటారు, అంతే. మా ఎనిమిదో తరగతిలో ఒకడు పక్కవాణ్ని బోర్డు దగ్గరికి పంపాలంటే 'వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాం' అంటున్నాడు. నా గొంతుతోనే. తల్లిదండ్రులెవరూ ఇప్పటిదాకా తప్పుగా మాట్లాడలేదు. పరీక్షల ముందు రోజు రాత్రి పదకొండు దాకా మైకు పట్టుకుని, పొద్దున బడిలో కునికితే మాత్రం అంటారు. అందుకే ఫిబ్రవరి, మార్చిలో పని రోజుల్లో ఏదీ ఒప్పుకోను.

డబ్బుల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. చాలాకాలం శాలువాలే వచ్చాయి, బీరువాలో ఒక అర నిండింది. పెళ్లిళ్లకు ఇప్పుడు ఐదు వేలు తీసుకుంటున్నాను. మా ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, ముందస్తు అనుమతి లేకుండా వేరే వ్యాపారం, ఉద్యోగం చేయకూడదు. డబ్బు తీసుకోవడానికి ముందే హెడ్‌మాస్టర్ ద్వారా రాతపూర్వకంగా అడిగి అనుమతి తెచ్చుకున్నాను. మీరు ప్రైవేటులో ఉన్నారు కాబట్టి మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏం రాసుందో చూసి, కరస్పాండెంట్ గారికి ఓ మాట చెప్పండి. ఎవరో వీడియో పంపితే తెలియడం కన్నా అది నయం. జీతం మానేసేంత ఆశ మాత్రం పెట్టుకోకండి. ఆషాఢం, మూఢం వచ్చాయంటే నెలల తరబడి ఫోన్ మోగదు.

ముందు రిసెప్షన్ ఒప్పుకోండి, పెళ్లి తర్వాత చూద్దురు గాని. గంట ముందే వెళ్లి సౌండ్ అబ్బాయితో స్నేహం చేసుకోండి. కార్డ్‌లెస్ మైకును జాలీ దగ్గర గుప్పిట పట్టకండి, స్పీకర్ ముందు నిలబడకండి, కూత పెడుతుంది. జేబులో రెండు కొత్త పెన్సిల్ సెల్స్ ఉంచుకోండి. అమ్మాయి తండ్రి మాట్లాడటానికి లేచినప్పుడే మైకు చచ్చిపోతుంది, నాకు మూడుసార్లు అయింది.