ఓడెక్కి నాటాల్ పోయినవాళ్ళ జాడ: పేరుతో కాదు, ఊరితో వెతకండి

మీ ప్రశ్న ఇదీ: విజయనగరం దగ్గర పల్లెటూరు, ముత్తాతగారి తమ్ముడు అప్పలస్వామి 1900 అటూ ఇటూగా ఓడెక్కి ఆఫ్రికా పోయాడు, నాటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం, మనవాళ్ళు చెరుకు తోటల్లో కూలికి అయిదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళింది అక్కడికే) ఓడల జాబితాల్లో వెతికితే లెక్కలేనంతమంది అప్పలస్వాములు వస్తున్నారు, వాళ్ళలో మీవాడెవరో తేలడం లేదు. మా ఇంట్లోనూ ఇదే కథ. మా తాతగారి పెదనాన్న గజపతినగరం తాలూకా నుంచి వెళ్ళిపోయాడు. ఆయన మునిమనవరాలు ఇప్పుడు డర్బన్‌లో ఉంది, పండగలకి వీడియో కాల్‌లో పలకరించుకుంటాం. కాబట్టి దొరుకుతారు. పేరు ఒక్కటే పట్టుకుంటే మాత్రం దొరకరు.

ముందు దేశం ఖాయం చేసుకోండి. మా వైపు ముసలివాళ్ళు సముద్రం దాటిన ప్రతివాణ్ణీ "రంగం పోయాడు" అనేస్తారు. నిజంగా రంగూన్ వెళ్ళినవాళ్ళయితే దారి వేరు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి మేస్త్రీలు స్టీమర్ ఎక్కించి తీసుకెళ్ళేవాళ్ళు, నాటాల్ కూలీలకిలాగా మనిషి మనిషికీ ఒప్పంద పత్రం ఉండేది కాదు. అలాంటివాళ్ళ గురించి జాబితాల్లో వెతకడంకన్నా విశాఖలో బర్మా క్యాంపు (బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ పేట) పెద్దవాళ్ళని అడగడం మేలు. నాటాల్ అయితే 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరింది, 1866లో వలస ఆగి 1874లో మళ్ళీ మొదలైంది, 1911లో పూర్తిగా ఆగిపోయింది. మీ ఇంట్లో ఎవరైనా "1870లో వెళ్ళాడు" అంటే అది నాటాల్ కాదు, మారిషస్ కావచ్చు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో గానీ మొదలవలేదు. మీరు చెప్పిన కాలానికి నాటాల్ సరిగ్గానే సరిపోతోంది.

నాటాల్ వెళ్ళినవాళ్ళు సుమారు 1,52,000 మంది. ఆ జాబితాల్లో ఇంటిపేరు ఉండదు. ఉండేది మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. రాసింది ఇంగ్లీషులో, గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా. ఒకే అప్పలస్వామి ఒకచోట అప్పల్సామి, ఇంకోచోట అపలసామి. కులం గడిని నేనసలు పట్టించుకోను, ఎవరేం చెప్పుకున్నారో, ఎవరేం రాసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. నమ్మదగ్గవి రెండే: తండ్రి పేరు, ఊరు.

తండ్రి పేరు డర్బన్‌లో దొరకదు, మీ ఇంట్లోనే దొరకాలి. మీ ముత్తాతగారి తండ్రి పేరు ఎవరికీ గుర్తులేదన్నారు కదా. ముత్తాతగారి పెద్దకొడుకు పేరేమిటి? మనవాళ్ళలో పెద్దమనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి ముప్పాతిక వంతు అదే పేరై ఉంటుంది. మాకు అలా "సింహాద్రి" అని తట్టింది. కానీ ఊహ ఊహే, కాగితం కావాలి. సంస్థానం, అంటే జమీందారీ కింద ఉన్న ఊళ్ళకి రైత్వారీ ఊళ్ళలాగా (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊళ్ళు) పాత సర్వే రిజిస్టర్లు దొరకవు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే (ఏ భూమి ఎవరిదో రాసిన ఊరి రిజిస్టరు) మొదటి గట్టి రికార్డు. అందులో మీ తాతల పేర్లు తండ్రి పేరుతో సహా ఉంటాయి గానీ ఇంకో తరం వెనక్కి పోదు. దానికి పాత దస్తావేజులు చూడాలి. ఇంట్లో ట్రంకు పెట్టె ఉంటే ముందు దాని అడుగు వెతకండి. లేదంటే ఊరి పేరు, మనిషి పేరు ఇచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత సూచికలు చూసి నకలు తీయించుకోవాలి. ఇక్కడ మాత్రం తలప్రాణం తోకకొస్తుంది, ఓపిక పట్టండి. మాకు దొరికింది అన్నదమ్ముల పంపకాల దస్తావేజు. దాంట్లో సింహాద్రి కొడుకులు ముగ్గురనీ, పెద్దవాడు దేశాంతరం పోయి జాడ లేనందువల్ల అతని వాటా మిగతా ఇద్దరూ సాగు చేసుకుంటున్నారనీ రాసి ఉంది. తండ్రి పేరు, పెద్దవాడి పేరు, ఏ సంవత్సరానికి ఊళ్ళో లేడో, అన్నీ ఒక్క కాగితంలోనే.

కాశీ పండాల చిట్టాలు (యాత్రకొచ్చిన కుటుంబాల పేర్లు అక్కడి పూజారులు రాసి ఉంచే పుస్తకాలు) చూడమని కొందరు సలహా ఇస్తారు. కాశీ దాకా వెళ్ళే స్థోమత ఉన్న కుటుంబాలకి అది పనికొస్తుంది. కూలీకి ఓడెక్కినవాడి కుటుంబం ఆ చిట్టాల్లో ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు జాబితాకి రండి. క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ ఓడల జాబితాలని ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో ఇప్పటి జిల్లాల పేర్లతో వెతక్కండి. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, శ్రీకాకుళం జిల్లా 1950లో. అప్పట్లో మీ ఊరు విశాఖపట్నం జిల్లా కింద, ఆ రోజుల్లో రాసిన "వైజాగపటం" అనే స్పెల్లింగుతో ఉంటుంది. మీ బంధువుల్లో శ్రీకాకుళం వైపువాళ్ళుంటే వాళ్ళని గంజాం జిల్లా కింద చూడాలి, అప్పుడు చికాకోల్ (శ్రీకాకుళానికి ఇంగ్లీషువాళ్ళ పేరు) గంజాంలోనే ఉండేది. మనిషి పేరు పక్కన పెట్టి, జిల్లా, తాలూకా వేసి, ఊరి పేరులో మొదటి రెండు మూడు అక్షరాలతో వెతకండి. వచ్చిన కొద్దిమందిలో తండ్రి పేరు సరిచూసుకోండి.

ఒకే ఊరు, ఒకే తండ్రి పేరుతో ఇద్దరు తేలితే? మాకు తేలారు. అప్పుడు పై వరస, కింద వరస చదవండి. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చేవారు, కలిసి వెళ్ళినవాళ్ళ నంబర్లు చాలావరకు పక్కపక్కనే ఉంటాయి. ఇద్దరిలో ఒకడి పక్క నంబరు మా పక్క ఊరి మనిషిది. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వెళ్ళి అడిగితే, వాళ్ళ ముసలాయన తడుముకోకుండా "మావాడూ మీవాడూ ఒకే రాత్రి చెప్పాపెట్టకుండా పోయారట" అన్నాడు. మచ్చల గడిలో మావాడికి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అని ఉంది. దాన్ని చూసినవాళ్ళు ఇక్కడ ఎవరూ మిగల్లేదు కాబట్టి మనకి దాంతో పనిలేదు.

ఆ కలోనియల్ నంబరు భద్రంగా రాసుకోండి. అక్కడి పెళ్ళి, మరణం రిజిస్టర్లలో కూడా అదే నంబరు కనిపిస్తుంది, పేరు స్పెల్లింగు ఎన్ని వేషాలు వేసినా నంబరు మారదు. అయిదేళ్ళ ఒప్పందం అయ్యాక కొందరు ఇండియాకి తిరిగొచ్చారు, అందరూ అక్కడే ఉండిపోయారనుకోకండి. ఉండిపోతే ఏ చెరుకు తోటకి పంపారో తెలుస్తుంది గానీ, ఆ తోట అడ్రసుతో వారసులు దొరకరు. జాతుల వారీగా నివాస ప్రాంతాలు విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద భారతీయుల్ని పాత ఇళ్ళ నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకి తరలించారు. అందుకని మనుషుల ద్వారానే అడగాలి. 1931 నుంచీ ఉన్న దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభకి రాయండి, నాటాల్ భారతీయుల వంశాల మీద నడిచే ఫేస్‌బుక్ గ్రూపుల్లో నంబరు, ఓడ పేరు, ఊరు పెట్టండి. అటువైపు వాళ్ళు కూడా ఊరి కోసం వెతుకుతూ ఉంటారు. వాళ్ళ చేతిలో నంబరు ఉంటుంది, ఊరెక్కడో తెలియదు. మనకి ఊరు తెలుసు, నంబరు లేదు. మాకు జవాబు అలాగే వచ్చింది. అన్నట్టు, ఇంటిపేరు అడగడం మరిచిపోకండి. అక్కడ తాత పేరో "నాయుడూ" అనో ఇంటిపేరుగా మారిపోయి ఉండొచ్చు, కానీ పెళ్ళిళ్ళప్పుడు మాత్రం పాత ఇంటిపేరు తలుచుకునే కుటుంబాలున్నాయి.

డీఎన్ఏ టెస్టు గురించి కూడా అడిగారు. మనలో మేనరికాలెక్కువ, అందువల్ల ఎప్పుడో ఆరు తరాల కిందటి చుట్టం కూడా దగ్గర చుట్టంలా కనిపిస్తాడు. కాగితం దొరికాక దాన్ని బలపరచడానికి సరే, దాంతోనే మొదలెట్టకండి.

ఇంకొక్క మాట. ఊళ్ళో అడగడం మొదలెట్టగానే "ఏం, భాగానికొస్తున్నారా?" అనే అనుమానం పుడుతుంది. మా బాబాయి అయితే పంపకాల దస్తావేజు గొణుక్కుంటూనే చూపించాడు, తర్వాత డర్బన్ అమ్మాయి వీడియో కాల్‌లో "నాకు ఊరి ఫొటో ఒక్కటి చాలు తాతా" అని ఇంగ్లీషులో అంటే నేను తెలుగులో చెప్పాక గానీ మెత్తబడలేదు. కాబట్టి దస్తావేజులు అడిగే ముందే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని విషయం వివరంగా చెప్పండి.

మీ ముత్తాతగారి పెద్దకొడుకు పేరు, మీ ఊరు 1948కి ముందు ఏ తాలూకాలో ఉండేదో కింద రాయండి. జాబితాలో నేనూ ఒకసారి చూసి చెప్తాను.