స్వెడ్ (పైన సన్నటి నూగు ఉండే తోలు) షూ మీద, లెదర్ బ్యాగ్ మీద స్టిక్కర్ జిగురు పోవాలంటే ఏం చేయాలి?

రెండింటికీ ఒకే మందు పనికిరాదు. స్వెడ్ మీద నూనె చుక్క కూడా వేయొద్దు. నూగు పీల్చుకుని నల్లటి మచ్చ పడుతుంది, అది జిగురుకంటే మొండిది. ఐస్ ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి 10 నిమిషాలు ఆనించండి. జిగురు గట్టిపడ్డాక గోటితో పెచ్చులు లేపి, మిగిలింది పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరుతో రుద్దితే సన్నటి ఉండలు కట్టి వచ్చేస్తుంది. చివరికి పాత టూత్‌బ్రష్‌తో, పొడిగానే, నూగు లేపండి.

నున్నటి లెదర్‌కైతే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి అర నిమిషం చాలు. మెత్తబడ్డ జిగురును వేలితో దొర్లించండి. మిగిలిన జిడ్డుకు దూదిపై రెండు చుక్కల కొబ్బరినూనె (ముందు కనపడని మూల పరీక్షించి), వెంటనే పొడిగుడ్డ. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోవద్దు: జిగురుతోపాటు పైపూత, రంగూ లేచొస్తాయి.