వీసా ముద్ర 2027 దాకా ఉంది కదా, గడువు ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి. అమెరికాలో హెచ్-1బి మీద పనిచేస్తున్న మా అబ్బాయిని జనవరి 9న ఉద్యోగంలోంచి తీసేశారు. మూడు నెలల జీతం పరిహారంగా ఇచ్చారు కాబట్టి ఏప్రిల్ దాకా ఇబ్బంది లేదంటున్నాడు. పాస్‌పోర్టులో వీసా 2027 వరకు ఉంది. ఎనిమిది లక్షలిస్తే ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నట్లు జీతం చీటీలు పుట్టిస్తామని, డబ్బుకు ప్రామిసరీ నోటు రాసిస్తామని ఇక్కడి ఏజెంటు చెబుతున్నారు. చంద్రగిరి దగ్గరి పొలం అమ్ముదామనుకుంటున్నాం. కోడలు అక్కడే ఆసుపత్రిలో తన సొంత హెచ్-1బి మీద చేస్తోంది. వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళికి అబ్బాయి రావాలి. నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం కోడలి గురించి రాసినది. ముందు తేదీ సంగతి.

పాస్‌పోర్టులోని ముద్ర ఆ దేశంలో అడుగుపెట్టడానికే. ఉండటానికి ఆధారం ఐ-94 పత్రం (ఎప్పటిదాకా ఉండవచ్చో ప్రవేశ సమయంలో రాసిచ్చే నమోదు), ఉద్యోగం. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అది. లెక్క ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. పరిహారం డబ్బు ఆ లెక్కను పొడిగించదు. జనవరి 10 నుంచి లెక్కిస్తే 60వ రోజు మార్చి 10. ఏప్రిల్ అనుకుని కూర్చుంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదాను చేజేతులా పోగొట్టుకున్నట్లే. ఇంత చదువుకున్న అబ్బాయి ఐ-94లో ఏ తేదీ ఉందో ఇంకా చూడకపోవడం నిర్లక్ష్యం. ఈ రాత్రే చూడమనండి. తొలగింపు ఉత్తరం, చివరి జీతం చీటీలు, ఐ-797 ఆమోద పత్రం కూడా కంపెనీ మెయిలు మూసేయకముందే దించుకోవాలి. ఉద్యోగం ఏ రోజు ముగిసిందో నిరూపించేది ఆ తొలగింపు ఉత్తరమే.

ఏజెంటు జోలికి వెళ్ళకండి. చేయని పనికి జీతం చూపి దరఖాస్తు వేస్తే అది అమెరికా చట్టం కింద మోసపూరిత సమాచారం. ఒకసారి మోసం చేశాడన్న పేరు పడితే జీవితాంతం ప్రవేశానికి అడ్డంకి. మినహాయింపు దొరకడం చాలా కష్టం. ప్రామిసరీ నోటు చూసి ధైర్యపడకండి. చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. రేపు ఆయన ఎగ్గొడితే నోటు పట్టుకుని తిరుపతి కోర్టుకు వచ్చినా, ఆ డబ్బు ఎందుకిచ్చారన్న ప్రశ్న దగ్గరే మీ దావా కూలుతుంది. పొలం అమ్మకండి.

ఇప్పుడు కోడలి విషయం. ఆమె హెచ్-1బి సక్రమంగా ఉంటే, మీ అబ్బాయి ఆమె భర్తగా తనను హెచ్-4 హోదాకు (హెచ్-1బి ఉన్నవారి కుటుంబానికిచ్చేది) మార్చమని ఐ-539 దరఖాస్తు వేసుకోవచ్చు. మార్చి 10 లోపు అది అధికారులకు అందాలి. పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. పని చేయడానికి విడిగా అనుమతి ఉంటే తప్ప హెచ్-4 మీద జీతం తీసుకోకూడదు, ఇంట్లో కూర్చుని చేసినా సరే. ఈలోగా కొత్త కంపెనీ దొరికి గడువులోపు పిటిషన్ వేస్తే అంతకన్నా మేలు. దాఖలు చేయించేది మాత్రం అక్కడి లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ అటార్నీ చేతనే.

దీనికి మీరు ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. వివాహం నమోదైన కార్యాలయం నుంచి ధ్రువపత్రం నకలు తీసి పంపండి. నమోదే చేయించకపోతే అటార్నీకి ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ ధ్రువపత్రంలో కోడలి పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో మీ ఇంటిపేరు ఉంటుంది చాలా ఇళ్ళలో. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జత చేయండి.

పెళ్ళికి మాత్రం అబ్బాయి రాకూడదు. దరఖాస్తు తేలకముందే దేశం దాటితే హోదా మార్పు కోరికను వదులుకున్నట్లు లెక్క. ఉద్యోగం లేకుండా పాత ముద్ర చూపి తిరిగి వెళ్ళడం తప్పు. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి ఏడాది కాలానికి అమలులోకి తెచ్చిన అమెరికా అధ్యక్షుడి ప్రకటన ప్రకారం, దేశం బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివారికి వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అక్కడే ఉండి సక్రమంగా హోదా మార్చుకునేవారికి ఆ రుసుము వర్తించదని ఇమ్మిగ్రేషన్ శాఖ తర్వాత వివరణ ఇచ్చింది. అన్నగారు రాలేరని వియ్యంకులకు ఇప్పుడే చెప్పేయండి.