రేషన్ కార్డులో పేరు లేకపోతే నాన్న ఇంట్లో వాటా పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు వీలునామా రాయకుండానే నిరుడు పోయారు. తెనాలిలో ఆయన తన జీతం డబ్బుతో కొన్న ఇల్లుంది. తమ్ముడు తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు, వాడి పేరే ఉన్నాయి. "నీకు పెళ్లయింది, రేషన్ కార్డులో కూడా లేవు, నువ్వు మా కుటుంబం ఎలా అవుతావు?" అంటున్నాడు. నాకు హక్కు లేదా?

జవాబు: ఎందుకు లేదమ్మా, ఉంది. కుటుంబం అనే మాటతోనే వచ్చింది తంటా అంతా. మా తాతగారి తరంలో "మా కుటుంబం పుట్టింటికెళ్లింది" అంటే భార్య వెళ్లిందని అర్థం. రేషన్ కార్డులో కుటుంబమంటే ఒక ఇంట్లో ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లు, అది బియ్యం లెక్క. అందులో మీ మరదలి పేరు ఉండే ఉంటుంది, అయినా మీ నాన్నగారి ఇంట్లో ఆవిడకు వాటా రాదు, కార్డులో లేని మీకు వస్తుంది.

మీరు హిందువులనుకుని చెబుతున్నాను. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకు, కూతురు, తల్లి అందరూ మొదటి తరగతి వారసులే, కూతురికి పెళ్లయిందా లేదా అని ఆ పట్టిక అడగదు. అంటే అమ్మకు, తమ్ముడికి, మీకు తలా మూడో వంతు. అన్నట్టు, మీ నాయనమ్మ ఉన్నారా? నాన్నగారు పోయేనాటికి ఆవిడ బతికుంటే నాలుగు వాటాలవుతాయి. నా దగ్గరికొచ్చే క్లయింట్లలో చాలామందికి ఈ ముక్క తట్టదు.

పీఎఫ్ సంగతి వేరు. ఆయన నామినేషన్ చేయకపోయుంటే, అమ్మ ఉండగా భర్త ఉన్న కూతురికి అందులో వాటా రాదు, మేజరైన కొడుక్కీ రాదు. ఈ మాట మీ తమ్ముడికి చెప్పండి, కాస్త చల్లబడతాడు.

ఆ సర్టిఫికెట్‌తో ఇంటిమీద మీ హక్కేమీ పోదు, టెన్షన్ పడకండి. తండ్రి పేరున్న మీ టెన్త్ సర్టిఫికెట్ జతచేసి తహసీల్దార్‌కు అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోండి. ఇంటికి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించి చూడండి, ఈలోపు అమ్మేశాడేమో తెలుస్తుంది. మాటలతో తేలకపోతే వాటాలు పంచమని సివిల్ కోర్టులో పార్టిషన్ దావా వేయాల్సిందే. పండక్కి పిలిచి, పసుపు కుంకుమల కింద చీర పెట్టి, "బ్యాంకు పనికమ్మా" అంటూ ఏ కాగితం ముందుపెట్టినా చదవకుండా సంతకం చేయకండి, అది హక్కు విడుదల పత్రం కావచ్చు.