సందేహాలు – సమాధానాలు: ఇసుకను సంపీడించాలా, కుదుర్చాలా?

సందేహం: వదులు ఇసుక నేలలో పునాదులు వేసే ముందు, అదిరే గొట్టం లాంటి యంత్రాన్ని లోతుకు దించి నేలను గట్టిపరిచే పద్ధతి ఉంది. వైబ్రో కంపాక్షన్ అంటారు. పని పత్రాల అనువాదంలో దీన్ని ‘గాఢ ప్రకంపన సంపీడనం’ అన్నారు. మేస్త్రీలేమో, నేలను కొట్టి గట్టిచేసే పనిముట్టు పేరుతో, ‘దిమ్మిస అంటే పోదా’ అంటున్నారు. ఏది సాధువు?

సమాధానం: వ్యాకరణం మాటకొస్తే మొదటిది సాధువే. మూడూ సంస్కృత పదాలు, సమాసానికి అడ్డు లేదు. చిక్కంతా అర్థంలో ఉంది. సంపీడనమంటే నొక్కడం, పిండడం. ఈ యంత్రం ఇసుకను పైనుంచి నొక్కదు. వదులు ఇసుకలో రేణువులు ఒకదానిమీదొకటి ఒరిగి, నడుమ ఖాళీలు విడిచి నిలబడి ఉంటాయి. వాటిని అలా పట్టి ఉంచేది రాపిడి. గొట్టం లోపల ఒక పక్కకే బరువున్న ఇరుసు నిమిషానికి 1800 నుంచి 3000 సార్లు తిరిగి గొట్టాన్ని పక్కలకు అదిరిస్తుంది. ఆ అదురుకు రాపిడి సడలి, రేణువులు క్షణకాలం తేలినట్టై, తమ బరువుతో తామే దగ్గరగా సర్దుకుంటాయి. 1930లలో జర్మనీలో పుట్టిన ఈ పద్ధతికి వైబ్రోఫ్లొటేషన్ అనే పేరూ ఉంది. ఆ పేరులో తేలడం ఉంది, పిండడం లేదు.

సర్దుకొని నిలవడానికి తెలుగులో ‘కుదురు’ కంటే మంచి మాట ఏది? అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్ట కుదురు. చెట్టు మొదట్లో కట్టే పాదు కుదురు. వరిలో ఒక్కచోట నాటిన మొక్కల గుంపు కుదురు, జుట్టు మొదళ్లు కుదుళ్లు. క్రియగా చూస్తే బేరం కుదురుతుంది, పెళ్లి కుదురుతుంది. రోగి కుదుటపడతాడు, పిల్లవాడు కుదురుగా కూర్చోడు. కన్నడంలోనూ కుదురు అంటే స్థిమితపడడమే. ఇన్నింటా ఉన్నది ఒకటే భావం: ఊగిసలాడేది తన చోటు తాను చూసుకొని నిలవడం. పునాది కూడా ఒక కుండే. దాని కింద ఇసుకే కుదురు. ఇంత పదం ఇంట్లో పెట్టుకొని సంపీడనం కోసం పరుగెత్తడమెందుకు?

గోతాన్ని కుదిపితే గింజలు కుదురుకుంటాయి కదా, కుదుపు, కుదురు ఒక్క వేరువేనా అని మీరు అడగవచ్చు. తీర్పుకు ధ్వని పోలిక ఒక్కటే చాలదు. పైగా కుదుపు విడివిడిగా తగిలేది, బండి కుదుపు లాంటిది. సెకనుకు 30, 50 సార్లు జరిగేదాన్ని అదురు అనాలి. కుదింపు వేరు, అది పొట్టి చేయడం.

‘గాఢ’ సంగతి ఒక్క ముక్కలో: సంస్కృతంలో దాని మూలార్థం మునిగినది అనే. అవగాహన కూడా ఆ ధాతువుదే. కానీ గాఢనిద్ర అన్నట్టు గాఢమైన బావి అంటామా? ఇక ప్రకంపనలను పత్రికలు రాజకీయాలకు రాసిచ్చేశాయి. నేలకు అదురు చాలు.

మాట తప్పితే పనీ తప్పుతుంది. సంపీడనం అన్నాక బంకమట్టికీ ఇదే పద్ధతి అనుకుంటారు. ఇసుకలో మెత్తటి ఒండ్రు, బంక కలిసి 10–15 శాతం దాటితే నీరు త్వరగా తప్పుకోదు, అదురు దూరం పోదు, రేణువులు కుదరవు. అక్కడ కంకర కూరి స్తంభాలు కడతారు. దాని క్రియ ‘కూరు’, ‘కుదుర్చు’ కాదు. శుభ్రమైన ఇసుకలోనైతే క్రేనుకు వేలాడే గొట్టాన్ని నీటి ధారల సాయంతో అడుగుకు దించి, ధార తగ్గించి, 30–60 సెంటీమీటర్ల చొప్పున పైకి లాగుతూ, ప్రతి మజిలీలో అర నిమిషం నుంచి నిమిషం ఆపుతారు. ఇసుక బిగిసేకొద్దీ మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. అదే గుర్తు. తొందరపడి లాగితే నడుమ వదులు పొరలు మిగిలిపోతాయి. చుట్టూ నేల గుంటపడుతుంది, అందులో ఇసుక పోస్తూనే ఉండాలి. గొట్టం దించే పోట్లు సాధారణంగా 2–4 మీటర్ల ఎడంలో, త్రికోణాల వరసలో పడతాయి. నేల ఎంత బిగిసిందో చూడడానికి శంకు మొనను లోపలికి దించే శంకు పరీక్షను త్రికోణం నడుమ చేయాలి, ఎందుకంటే అదురు తక్కువగా అందేది అక్కడికే. పని ముగిసిన రోజే చేస్తే ఫలితం తక్కువగా కనిపించవచ్చు. వారమైనా ఆగడం మంచిది.

కనుక ‘లోతు అదురుతో ఇసుకను కుదుర్చడం’ అని, క్లుప్తంగా ‘అదురు కుదుర్పు’ అని నా సూచన. ఒప్పంద పత్రంలో మాత్రం పక్కనే వైబ్రో కంపాక్షన్ అనీ రాయండి. కొత్త మాట కుదిరేదాకా తగాదా రాకుండా ఉంటుంది. సంపీడనమే ఉంచుతామంటే తప్పని కొట్టివేయను, ఇష్టపడను.

మేస్త్రీల దిమ్మిసకూ చోటుంది. పై అర మీటరు నుంచి మీటరు దాకా మీద బరువు లేక ఇసుక ఈ అదురుకు బిగియదు. గొట్టం వెళ్లిపోయాక ఆ పై పొరను దిమ్మిసతోనో రోలరుతోనో గట్టిచేయాల్సిందే.